సెలవు రోజున లోపల ఉన్నవాళ్లు

మా అమ్మ పోయిన రోజు సెలవు రోజు. ఆగస్టు పదిహేను. నాకప్పుడు పందొమ్మిదేళ్లు.

అప్పుడూ ఇప్పుడూ మేం సీతారామ్‌డేరా బస్తీలోనే ఉంటున్నాం. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ జంషెడ్‌పూర్ వచ్చినవాడు. టాటానగర్ స్టేషన్ అవతల ఒక బోల్టుల షెడ్డులో పనిచేసేవాడు. ఎర్రగా కాలిన ఇనప కడ్డీని పట్టుకారుతో పట్టి సుత్తి మిషను కింద పెట్టడం ఆయన పని. పైనుంచి బరువు దబ్బున పడితే కడ్డీ కొసన బోల్టు తల తయారవుతుంది. రోజంతా అదే. ఇంటికొచ్చాక ఆయనతో కాస్త గట్టిగా మాట్లాడాల్సి వచ్చేది.

ఆ రోజు పొద్దున ఆయన ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. జెండా ఎగరేస్తారు, బూందీ పంచుతారు, తొమ్మిదింటికల్లా ఇంటికి పంపేస్తారు అనుకునేవాళ్లు మా వీధిలో జనం. మాకు మాత్రం తెలుసు. జెండా ఎగరేశాక ముందు గేటుకి తాళం వేస్తారు. పనివాళ్లని పక్క సందులోంచి లోపలికి తీసుకెళ్తారు. ఎవరూ ఫొటోలు తియ్యకుండా ఫోన్లన్నీ గేటు దగ్గర రేకు పెట్టెలో పెట్టిస్తారు. సాయంత్రం దాకా పని. కాగితం మీద మాత్రం ఆ రోజు షెడ్డు మూత.

పదకొండు గంటలప్పుడు అమ్మ బియ్యం కడుగుతూ కడుగుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయింది. ఒళ్లంతా చెమట. పక్కింటి పిన్నిని కేకేశాను. ఇద్దరం కలిసి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. లోపల మంచం మీద పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి, ముక్కుకి గొట్టం పెట్టారు. అమ్మ కళ్లు తెరిచి చుట్టూ చూసింది.

"మీ నాన్నేడే?" అంది.

"డూటీకి ఎల్లాడు కదమ్మా."

"బేగి పిలువు. ఒక్కపాలి రమ్మని సెప్పు."

నాన్న ఫోన్‌కి చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. పెట్టెలో ఉన్న ఫోన్ ఎవరెత్తుతారు? పిన్ని నా భుజం తట్టింది. "నేనుంటాను. నువ్వెల్లి తోలుకురా. బేగొచ్చీ" అంది. నేను ఆటో ఎక్కాను.

గేటు దగ్గర పెద్దవయసు వాచ్‌మన్ ఒకాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మా నాన్న పేరు చెప్పి, అమ్మకి బాగోలేదు, ఒక్కసారి పంపండి అన్నాను.

"ఆజ్ ఛుట్టీ హై. అందర్ కోయీ నహీఁ హై" అన్నాడు. ఈ రోజు సెలవట. లోపల ఎవరూ లేరట.

నేను నిలబడ్డ చోట, చెప్పుల కింద, నేల అదురుతోంది. సుత్తి మిషను దెబ్బ. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. "మరి ఆ చప్పుడేమిటి?" అన్నాను. పక్క షెడ్డుది అన్నాడు. మళ్లీ నాన్న ఫోన్‌కి చేశాను. నాన్న ఫోన్‌కి కోడికూత పెట్టుకున్నాడు, మిషను హోరులో కూడా వినబడాలని. వాచ్‌మన్ వెనక గదిలో, రేకు పెట్టెలోంచి, మిట్టమధ్యాహ్నం కోడి కూసింది. కట్ చేశాను. ఆగింది. మళ్లీ చేశాను. మళ్లీ కూసింది.

ఆయన నా మొహం చూడలేక తల పక్కకి తిప్పుకున్నాడు. "సాబ్‌ని అడగాలి" అని లోపలికి వెళ్లాడు. కాసేపటికి మేనేజరే బయటికొచ్చాడు. జేబుకి చిన్న జెండా గుచ్చుకుని ఉన్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. నున్నగా గీసిన గడ్డం, చేతిలో టీ గ్లాసు. నేను ఏడుస్తూ చెబుతుంటే పూర్తిగా విన్నాడు. అది మాత్రం చెప్పాలి, విన్నాడు. విని హిందీలో అన్నాడు: "అమ్మాయీ, ఈ రోజు షెడ్డు మూత. మీ నాన్న ఇక్కడ లేడు. ఎక్కడికెళ్లాడో నీకు చెప్పి వెళ్లలేదేమో." అని నవ్వాడు. వాచ్‌మన్ నవ్వలేదు.

నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో గడియారం చూడలేదు. గేటు కమ్మీలు పట్టుకుని "నాన్నా" అని అరిచాను. కొలిమి హోరులో ఎవరికి వినబడుతుంది? పిన్ని ఫోన్ చేసేదాకా అలాగే ఉన్నాను. "వచ్చీ తల్లీ. మరి ఆడ నిలబడకు, వచ్చీ" అంది. ఆ గొంతుతోనే తెలిసిపోయింది.

నాన్న సాయంత్రం అయిదున్నరకి ఇంటికొచ్చాడు. వీధిలో జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. జేబులో కాగితం పొట్లంలో బూందీ ఉంది, అమ్మ కోసం దాచింది. అది ఎవరు తీసి ఎక్కడ పడేశారో తెలియదు.

పదమూడో రోజు అయ్యాక మేనేజరు మా ఇంటికొచ్చాడు. చేతిలో హాజరు పుస్తకం. అందరి సంతకాలూ అయిపోయాయని, నాన్నది ఒక్కటే మిగిలిందని చెప్పాడు. ఆగస్టు పదిహేను అని ఉన్న చోట, "సెలవు, ఇంటి దగ్గర" అన్న వరసలో నాన్న సంతకం పెట్టాలి. నాన్న పెట్టాడు.  ఆ పుస్తకం ప్రకారం మా అమ్మ పోయిన రోజున మా నాన్న పొద్దుటినుంచీ ఇంట్లోనే ఉన్నాడు. అమ్మ "మీ నాన్నేడే" అని అడిగేటప్పుడు పక్కనే ఉన్నాడు.

ఆ సంతకం చూస్తూ నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ మనిషిని వదలకూడదు అని అప్పుడే అనుకున్నాను. నాన్నని కూడా వదలకూడదు అనుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

*

కొట్టాలనో, తిట్టాలనో నాకెప్పుడూ అనిపించలేదు. అతను కాగితం చూపించి మమ్మల్ని కొట్టాడు కాబట్టి కాగితంతోనే కొట్టాలి అనుకున్నాను. డిగ్రీ మధ్యలో ఆపేసి టైపింగ్ నేర్చుకుని, సాక్చీ బజారులో ఒక ముసలి వకీలు దగ్గర చేరాను. బెంగాలీ ఆయన. చిన్నచిన్న కార్ఖానాలకి కార్మిక చట్టాల కాగితాలన్నీ ఆయనే తయారుచేసేవాడు. నాకు పెళ్లి కాలేదు, చేసుకోవాలని అనిపించనూ లేదు. పగలంతా ఆ ఆఫీసు. మధ్యాహ్నం అన్నం తింటూ చట్టాల పుస్తకం చదివేదాన్ని.

అక్కడే నేర్చుకున్నాను. కార్ఖానాల సెలవులకి మా రాష్ట్రంలో ఒక చట్టమే ఉంది. జనవరి ఇరవయ్యారు, ఆగస్టు పదిహేను, అక్టోబరు రెండు: ఈ మూడు రోజులూ జీతంతో సెలవు ఇచ్చి తీరాలి. ఇవి కాక కొన్ని పండగలు, పనివాళ్లని అడిగి ఎంచుకోవాలి. ఆ జాబితా ఏడాది మొదలవకముందే అధికారికి పంపి, ఒక నకలు గేటు దగ్గర అందరికీ కనబడేలా అంటించాలి. తప్పనిసరై సెలవు రోజు పని చేయించుకుంటే ముందుగా రాతలో చెప్పాలి, రెట్టింపు కూలో, బదులు సెలవో ఇవ్వాలి. ఎంత సులువుగా ఉందో చూడండి. మా నాన్న షెడ్డువాళ్లు ఆ ఒక్క కాగితం ముందురోజు రాసి ఉంటే, లోపల మనుషులున్నారని ఒప్పుకుని ఉంటే, వాచ్‌మన్ నాతో అబద్ధం చెప్పాల్సిన పనే లేదు.

నేను చేరాక రెండో డిసెంబరులో మేనేజరు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. అతని షెడ్డు కూడా వకీలుబాబుకి పాత పార్టీయేనట.  అతను నన్ను చూశాడు, గుర్తుపట్టలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చుని సెలవుల జాబితా చెబుతుంటే నేను టైపు చేశాను. "జనవరి ఇరవయ్యారు, మూత. హోలీ, మూత. సర్హుల్, మూత. ఆగస్టు పదిహేను, మూత." ఆ చోట నా వేలు తప్పు అక్షరం మీద పడింది. "ఆరామ్ సే, బేటీ" అన్నాడు. నిదానంగా కొట్టమ్మా అని. ఎంతో మర్యాదస్తుడు. పోతూ పోతూ నా టైపింగు శుభ్రంగా ఉందని వకీలుబాబుతో మెచ్చుకున్నాడు.

అలా ఎనిమిది డిసెంబర్లు. ఏటా అతని అబద్ధాన్ని నేనే టైపు చేసి, నేనే ముద్ర వేయించి పంపాను. ఏటా ఆగస్టు పదిహేనున ఆ షెడ్డు ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చుని, నేల కింద సుత్తి దెబ్బలు వినేదాన్ని. టీ కొట్టామె నేనెవరినో ప్రేమించి ఎదురుచూస్తున్నాననుకుంది. నేను కాదనలేదు. ఒక మనిషి గురించి అన్నేళ్లపాటు పొద్దున్నే లేవగానే ఆలోచించడం, అదీ ఒక రకంగా అలాంటిదే.

నాన్న చేతులు పట్టు తప్పి పని మానేశాక, ఇక ఆయన ఉద్యోగం పోతుందన్న భయం లేదు. ఫిర్యాదు పెడతానని వకీలుబాబుకి చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"ఇన్నేళ్లూ ఇది కడుపులో పెట్టుకుని అతని కాగితాలు కొట్టావా?" అన్నాడు.

"కొట్టాను."

"నా కుర్చీలో కూర్చుని నా పార్టీని దెబ్బ తియ్యకు. లేచి వెళ్లి తియ్యి. నేను అడ్డం రాను. నా ఆఫీసులో చూసిన కాగితం ఒక్కటి కూడా బయటపెట్టనని మాత్రం మాటివ్వు."

మాటిచ్చాను. తాళాలు బల్ల మీద పెట్టి దిగివచ్చాను. ఆ మాట తప్పలేదు.

ఆ ఆగస్టుకి వారం ముందు కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లి ఫిర్యాదు ఇచ్చాను. ఆగస్టు పదిహేనున ఫలానా షెడ్డులో పని జరుగుతుంది, వచ్చి చూడండి అని. అక్కడి గుమాస్తా మంచివాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇబ్బందిగా మొహం పెట్టాడు. "అమ్మా, ఆ రోజు మాకూ సెలవే కదా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నిజంగానే వచ్చింది, అక్కడే, ఆయన ఎదుటే. సెలవు చట్టాన్ని కాపాడే ఆఫీసుకి సెలవు రోజున సెలవు. అయినా పదహారో తారీఖున అధికారి షెడ్డుకి వెళ్లాడు. హాజరు పుస్తకం శుభ్రంగా ఉంది. అందరూ ఇళ్ల దగ్గరే ఉన్నారు, అందరి సంతకాలూ ఉన్నాయి. ఆయన ఇంకేం చేస్తాడు?

మేనేజరు మాత్రం చేశాడు. ఎవరో లోపలివాళ్లే చెప్పారని అనుమానపడి ఇద్దరిని తీసేశాడు. ఇద్దరికీ ఏ పాపం తెలియదు. అందులో ఒకాయన కాశీబుగ్గ మనిషి, నాన్న పక్కన పదేళ్లు పనిచేసినవాడు. ఇల్లు ఖాళీ చేసి రాయపూర్ వైపు వెళ్లిపోతూ నాన్నకి చెప్పడానికి వచ్చాడు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. నా పగకి మొదటి దెబ్బ అతను తిన్నాడు. ఆ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

*

తర్వాత మాంగో అనే పేటలో ఒక దుకాణంలో చేరాను. ఆన్‌లైన్ ఫారాలు నింపడం, ఆధార్ కాగితాలు, ఫొటోకాపీలు. రోజూ సువర్ణరేఖ వంతెన దాటి ఆటోలో వెళ్లి రావడం. నా ముప్ఫై మూడో ఏట పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసి చీటీ ప్రింటు తీసిమ్మని జనం వరసకట్టారు. ఒక మధ్యాహ్నం మా వైపు ఆవిడే ఒకావిడ వచ్చింది. తనదీ మొగుడిదీ చీటీలు తీయించుకుంది. మొగుడి చీటీ మడతపెడుతూ అంది:

"నాది సాలు గానీ, ఆయనది దండగే. ఆయనేటి ఏత్తాడు ఓటు!"

"ఎందుకమ్మా?"

"పోలింగు నాడు కూడా డూటీయేనంట. బయట తాళం ఏసీసి లోపల పని. ఫోన్లు కూడా లాగీసుకుంటారు. స్టేషన్ కాడ బోల్టుల షెడ్డు నేదా, అక్కడ."

పక్కనున్న స్టూలు లాగి ఆవిడని కూర్చోమన్నాను.

ఓటు వేసే రోజున పనివాళ్లకి జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం ఉంది. అది నాకు కొత్త కాదు. ఆ క్షణంలో తట్టింది వేరే సంగతి. జనమందరికీ సెలవై, ప్రభుత్వానికి మాత్రం సెలవు లేని రోజు అదొక్కటే. అధికారులు, పోలీసులు, కెమెరాలు పట్టుకున్న జీపులు, అందరూ రోడ్డు మీదే ఉంటారు. ఫోన్ చేస్తే ఎత్తుతారు.

"నీలాగా ఇంకా ఎంతమంది ఆడోళ్లున్నారు?" అని అడిగాను.

"మా లైన్లోనే అయిదుగురం."

"నాను సెప్పినట్టు సేత్తారా?" నాకు తెలియకుండానే మా అమ్మ మాట నోట్లోకి వచ్చేసింది.

ఆవిడ భయపడింది. ఉద్యోగం పోతే? అంది. పోవచ్చు అన్నాను. అబద్ధం చెప్పలేదు. ముందు ఇద్దరికి పోయాయని కూడా చెప్పాను. అయితే ఫిర్యాదు మొగుళ్లు చెయ్యక్కర్లేదు, పెళ్లాలు చేస్తారు; అయిదుగురు ఒక్కసారి చేస్తే ఎవరిని తీస్తాడు అన్నాను. రెండు రోజులకి అయిదుగురూ దుకాణానికి వచ్చారు. అందులో ఒకావిడ ఒడియా ఆవిడ, ఒకావిడ బిహారీ.  మా వైపువాళ్లలో ఒకావిడ "మాదేటి, ఓటేత్తే ఏటొత్తాదో ఎవులికి తెలుసు. కానీ తాళం ఏసీడమేటి?" అంది. అది చాలు అనుకున్నాను.

మే నెల ఎండ. పోలింగు రోజు పదిగంటలకి ఆ అయిదుగురూ ఓటేసి, వేలికి సిరా గుర్తుతో, మొగుళ్ల చీటీలు చేత్తో పట్టుకుని షెడ్డు గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గరికి వచ్చారు. ఎన్నికల కంట్రోల్ రూముకి ఫోన్ చేశాం. నేను కాదు, ఆడవాళ్లే చేశారు, ఒకరి తర్వాత ఒకరు. గంట కాకముందే జీపు వచ్చింది. ఒక అధికారి, ఇద్దరు పోలీసులు, భుజాన కెమెరా పెట్టుకున్న కుర్రాడు.

కొత్త వాచ్‌మన్. పాత మాటే చెప్పాడు: ఈ రోజు సెలవు, లోపల ఎవరూ లేరు. అధికారి తాళం వైపు చూశాడు.  ఆయన ఆడవాళ్ల వైపు తిరిగి, "మీ వాళ్లు లోపలే ఉన్నారని గట్టిగా తెలుసా?" అన్నాడు.

"సార్, ఒక్క నిమిషం" అన్నాను. "అమ్మా, అందరూ మీవోళ్లకి ఫోన్లు సెయ్యండి. ఒక్కసారే."

చేశారు. వాచ్‌మన్ గదిలో రేకు పెట్టె ఒక్కసారిగా మోగింది. భజన పాట, సినిమా పాట, పసిపిల్ల నవ్వు, రైలు కూత. పెట్టె బల్ల మీద గిలగిలా కొట్టుకుంటోంది. కెమెరా కుర్రాడు ఎవరూ చెప్పకుండానే అటు తిరిగి తీశాడు. తాళం తియ్యమని అధికారి వాచ్‌మన్‌తో ఒక్క మాటే అన్నాడు. "ఖోలో."

 టీ కొట్టు బల్ల పట్టుకుని నిలబడ్డాను. నా చెవుల్లో వినబడుతున్నది ఆ పాటలు కావు, ఒక కోడికూత.

ఇరవై తొమ్మిది మంది బయటికొచ్చారు. ఒంటినిండా మసి, చెమట. ఎండకి కళ్లు చికిలించుకుని పెళ్లాలని చూసి తెల్లబోయారు. మేనేజరు వాళ్ల వెనకే పరుగెత్తుకొచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. ఇదంతా మరమ్మతు పని, వీళ్లంతట వీళ్లే వచ్చారు అని చెబుతున్నాడు. అధికారి పనివాళ్లని అడిగాడు, ఓటేశారా అని.  తలలు దించుకున్నారు. అప్పుడు ఒక పెద్దాయన ఎడమచెయ్యి పైకెత్తి, సిరా లేని వేలు కెమెరాకి చూపించాడు. ఒకరి తర్వాత ఒకరు ఎత్తారు. ఇరవై తొమ్మిది మసి చేతులు.

వాళ్లు ఆ బట్టల్తోనే ఓటెయ్యడానికి వెళ్లారు. మేనేజరుని ఠాణాకి తీసుకెళ్లారు. నేను వెనకే ఆటోలో వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు. వెళ్లి, అతన్ని కూర్చోబెట్టిన బెంచీకి ఎదురు బెంచీ మీద కూర్చున్నాను. ఫ్యాను అతని వైపు లేదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మంచినీళ్లు అడిగాడు. తెస్తామన్నారు, చాలాసేపు తేలేదు. నా సంచిలో నీళ్ల సీసా ఉంది. నేను తీసి తాగి, మూత పెట్టి, మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.

అప్పుడు నన్ను పరిశీలనగా చూశాడు. "నువ్వు వకీలుబాబు దగ్గర టైపు చేసే అమ్మాయివి కదూ? నీకు నేనేం అన్యాయం చేశాను, బేటీ?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసం పద్నాలుగేళ్లు జవాబు తయారుచేసుకున్నాను. బస్సుల్లో, మంచం మీద, టైపు మిషను ముందు, హిందీలో, తెలుగులో. ఒక్క ముక్క గుర్తు రాలేదు. "ఆగస్టు పదిహేనున మీ గేటు దగ్గరికి వచ్చాను. మా అమ్మ చావు బతుకుల్లో ఉంది. మా నాన్న లోపల లేడన్నారు" అన్నాను.

అతను నుదురు చిట్లించి ఆలోచించాడు. నాటకం కాదు, నిజంగానే ఆలోచించాడు.

"ఏ ఏడాది?" అన్నాడు.

గుర్తు లేదు. ఆ రోజు, నా ఏడుపు, అతని నవ్వు, పదమూడో రోజున మా ఇంటికి తెచ్చిన పుస్తకం, ఏదీ గుర్తు లేదు. గుర్తుండి బుకాయించి ఉంటే నాకు తృప్తిగా ఉండేది. ఏ ఏడాది అని అడిగేసరికి, ఇంకెంతమంది ఆ గేటు దగ్గర నిలబడి వెనక్కి వెళ్లారో అనిపించింది. చల్లారుతుందనుకున్న కోపం ఇంకా పెరిగింది.

*

కేసు పెట్టారు. యజమాని తనకేమీ తెలియదని, అంతా మేనేజరే చేశాడని కాగితం రాసిచ్చి అతన్ని ఉద్యోగంలోంచి తీసేశాడు. ఆ యజమాని మాట కూడా అబద్ధమేనని నాకు తెలుసు. అయినా ఆ వార్త విన్న రోజు నాకు బాగుంది.

వర్షాకాలంలో ఒక ఆదివారం మేనేజరు మా ఇంటికొచ్చాడు. చేతిలో మిఠాయి పెట్టె. నాన్న గుమ్మంలో చూసి, పాత అలవాటు కొద్దీ, "ఆయియే సాబ్" అని కుర్చీ తుడిచి వేశాడు. నన్ను టీ పెట్టమన్నాడు. నేను కదల్లేదు. ఆయనే లేచి, వణికే చేతుల్తో టీ పెట్టి ఇచ్చాడు. మేనేజరు అడిగింది ఒక్కటే. సాక్షుల్లో నా పేరు ఉంది, ఆ ఆడవాళ్లు నా మాట వింటారు. మేమంతా కాస్త మెత్తగా చెబితే బయటపడతాను, ఈ వయసులో కోర్టు మచ్చ ఉంటే ఎక్కడా పని దొరకదు అన్నాడు. నాన్న ముందు చేతులు జోడించాడు.

"ఒగ్గీయే తల్లీ" అన్నాడు నాన్న, వదిలెయ్యమని.

కోపం వస్తే నేను హిందీలోకి పోతాను. "నహీఁ" అన్నాను. మేనేజరుతో నిదానంగా చెప్పాను. "మీరు మంచివారో చెడ్డవారో నాకు తెలియదు. నేను మెత్తగా చెప్పను. చూసిందంతా చెబుతాను. మిఠాయి తీసుకెళ్లండి."

అతను వెళ్లిపోయాక నాన్న ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అప్పుడు అన్నాడు:

"ఆ పుస్తకంలో సంతకం ఎట్టింది నానే కదా. మరి నన్నేటి సేత్తావు?"

నేను దాచలేదు. "నీ మీదా పగ తీర్చుకుంటూనే ఉన్నాను కదా, నాన్నా, ఇన్నేళ్లూ."

ఆగస్టు పదిహేను వస్తే నేను ఇంట్లో పొయ్యి వెలిగించను. ఆ రోజు ఆయనతో మాట్లాడను. అమ్మ తిథికి పక్కన కూర్చుంటాను గానీ, ఆ తారీఖున మాత్రం ఆయన ఎదురొస్తే పక్కకి తప్పుకుంటాను. ఎందుకని ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. బజారు నుంచి బ్రెడ్డు తెచ్చుకుని, టీలో ముంచుకుని తిని పడుకునేవాడు.

"తెలుసు" అన్నాడు. "నీకు కోపమొచ్చినా పరవానేదు. నానొద్దంటే ఆ ఉద్యోగం పోయేది. నీ సదువు, అద్దె, అన్నీ పోయేవి. అవన్నీ నీకు సెప్తే తప్పించుకుంటన్నాననుకుంతావని సెప్పనేదు."

నాకు ఏడుపు రాలేదు. లేచి ఆయన చేతిలో గ్లాసు తీసుకుని కడిగాను. ఆ ఏడు ఆగస్టు పదిహేనున పొయ్యి వెలిగించాను. మాట్లాడానా అంటే, అంతగా మాట్లాడలేదు. అన్నం పెట్టాను.

చలికాలంలో కోర్టు వాయిదా. దుకాణంలో ఒక రోజు సెలవు అడిగి తీసుకున్నాను. అయిదుగురు ఆడవాళ్లూ వచ్చారు, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. నేనూ చెప్పాను. మేనేజరు చివరికి తప్పు ఒప్పుకున్నాడు. జడ్జిగారు చదువుతుంటే అతను నిలబడే ఉన్నాడు, చేతులు ముందు కట్టుకుని, తల వంచుకుని. పడిన జరిమానా చాలా చిన్నది. ఆ చట్టంలో అంతకంటే పెద్దది లేదు. నాకు ముందే తెలుసు. నేను చూడాలనుకున్నది జరిమానా కాదు. అతను నిలబడడం చూడాలనుకున్నాను. కన్నార్పకుండా చూశాను. జాలి పడతానేమో అని భయం ఉండేది. పడలేదు.

బయటికొచ్చేసరికి విపరీతమైన ఆకలి వేసింది. కోర్టు గోడ పక్కన బండి దగ్గర సమోసా చాట్ ఒక ప్లేటు తిన్నాను. ఇంకో ప్లేటు తిన్నాను. పచ్చిమిరపకాయ కారానికి కళ్లలోంచి నీళ్లు కారుతుంటే ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు.

"ఏటన్నాడు జడ్జీ?"

"తప్పు చేశాడన్నాడు."

"మరి నీ మనసు సల్లబడిందా?"

 "సగం" అన్నాను.

ఆయన తల ఊపాడు. పక్కకి జరిగి అరుగు మీద చోటిచ్చాడు. చెప్పులు విప్పి కూర్చున్నాను.